కొండను తవ్వి సముద్రంలో పోసిన ఊరు – మన బెడోక్

పోయిన సంవత్సరం మా తరగతి పిల్లలకు "మా ఊరు" అనే అంశం ఇచ్చి పది వాక్యాలు రాసుకు రమ్మన్నాను. మరుసటి ఆదివారం నోటుపుస్తకాలు తెరిచి చూస్తే దాదాపు అందరూ తాతగారి ఊరి గురించే రాశారు. కొబ్బరిచెట్లు, కాలవ గట్టు, అమ్మమ్మ పెట్టిన ఆవకాయ, సంక్రాంతి ముగ్గులు అన్నీ ఉన్నాయి. ఒక బాబు మాత్రం రెండే రెండు వాక్యాలు రాశాడు. "నాకు ఊరు లేదు. నేను బెడోక్‌లో ఫ్లాట్‌లో ఉంటాను."

"అదేమిట్రా, బెడోక్ ఊరు కాదా?" అని అడిగాను.

"ఊరంటే చెరువు ఉండాలి, పాత కథలు ఉండాలి, ప్రెసిడెంటు ఉండాలి కదా టీచర్! మా తాతయ్య వాళ్ళ ఊళ్ళో అన్నీ ఉన్నాయి. బెడోక్‌లో ఏముంది? ఎమ్.ఆర్.టి., మాల్, అంతే" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ పూట వాడికి జవాబు చెప్పలేకపోయాను. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. ఏ బస్సు ఎక్కడికి వెళ్తుందో తెలుసు, కరివేపాకు ఎక్కడ తాజాగా దొరుకుతుందో తెలుసు. కానీ ఈ నేల కథ నాకూ తెలియదు. ఆ తర్వాత కొంత చదివాను, కొంత తిరిగి చూశాను. ఆ బాబు అడిగిన మూడూ, అంటే చెరువు, కథలు, ప్రెసిడెంటు, బెడోక్‌లో ఉన్నాయో లేవో చూద్దాం రండి.

బెడోక్ ఎక్కడుంది? ఎంత ఉంది?

సింగపూర్ దీవికి తూర్పు భాగంలో, సముద్రానికి ఆనుకుని ఉన్న ప్రాంతం బెడోక్. తూర్పున చాంగి, ఈశాన్యంలో టాంపినీస్, ఉత్తరాన పాయ లేబార్, పడమట గేలాంగ్, నైరుతిలో మెరీన్ పరేడ్ ఉన్నాయి. దక్షిణాన సింగపూర్ జలసంధి. ఈస్ట్ కోస్ట్ పార్కులో నిలబడి చూస్తే వరుసగా లంగరు వేసిన ఓడలు కనిపిస్తాయే, అదే ఆ జలసంధి.

బెడోక్ విస్తీర్ణం సుమారు 21.7 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణలో అన్నిటికన్నా చిన్న జిల్లా హైదరాబాదు. దాని విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు. అంటే బెడోక్ లాంటివి పది కలిపితే ఒక హైదరాబాదు జిల్లా అవుతుందన్నమాట. స్థలం చిన్నదే కానీ జనం తక్కువేం కాదు. 2020 జనాభా లెక్కల ప్రకారం బెడోక్‌లో సుమారు 2 లక్షల 77 వేల మంది ఉన్నారు. ఆ లెక్కల్లో సింగపూర్ ప్రాంతాలన్నిటిలోకీ ఎక్కువ జనాభా బెడోక్‌దే.

దీనిలో ఎనిమిది చిన్న భాగాలున్నాయి: బెడోక్ నార్త్, బెడోక్ సౌత్, బెడోక్ రిజర్వాయర్, కాకి బుకిట్, కెంబాంగన్, సిగ్లాప్, ఫ్రాంకెల్, బేషోర్. మన ఊళ్ళల్లో పెద వీధి, రామాలయం వీధి, కొత్తపేట అని పేటలు ఉన్నట్టే అనుకోండి.

ఆ పేరు ఎక్కడిది?

ఇప్పుడు కథల సంగతి చూద్దాం. రాఫెల్స్ దొర 1819లో వచ్చి సింగపూర్ రేవును స్థాపించాడని మీరు బళ్ళో చదువుకున్నారు. బెడోక్ పేరు అంతకన్నా పాతది. మలాకాలో పుట్టిన మాన్యువల్ గొడిన్హో ద ఎరీదియా అనే పోర్చుగీసు పటాల నిపుణుడు 1604లో ఈ దీవి పటం గీశాడు. అందులో తూర్పు తీరాన "సునే బోదో" అని ఒక పేరు ఉంది. సుంగై అంటే మలయ్‌లో నది. కాబట్టి అది సుంగై బెడోక్, అంటే బెడోక్ నది అన్నమాట. రాఫెల్స్ రాకకు 215 ఏళ్ళ ముందే బెడోక్ పటంలోకి ఎక్కింది! పక్కనున్న తనా మేరా పేరు కూడా అదే పటంలో ఉంది.

బెడోక్ అన్న మాటకు ఎక్కువమంది చెప్పే అర్థం పెద్ద డోలు. గడియారాలూ మైకులూ లేని రోజుల్లో మసీదులో ప్రార్థన వేళ అయిందని తెలపడానికి, ఏదైనా ఆపద వస్తే ఊరివాళ్ళను పిలవడానికి ఆ డోలు వాయించేవారట. మన పల్లెల్లో టముకు వేసి కబురు చెప్పేవారు కదా, అలాగే. బిడుక్ అనే చిన్న చేపల పడవ పేరు మీద ఈ పేరు వచ్చిందని ఇంకొందరు అంటారు. డోలు అయినా పడవ అయినా ఒకటి మాత్రం స్పష్టం. ఇక్కడ మనుషులు ఊరు కట్టుకుని, కలిసి బతికి, సముద్రం మీద ఆధారపడ్డారు.

చుట్టుపక్కల పేర్లలో కూడా పాత నేల దాగి ఉంది. చూడండి:

కాకి బుకిట్ – మన కాకికీ దీనికీ సంబంధం లేదు! మలయ్‌లో కాకి అంటే పాదం, బుకిట్ అంటే కొండ. కొండ పాదం, అంటే కొండ దిగువ.

తనా మేరా – ఎర్రమట్టి. పాతకాలంలో ఓడల వాళ్ళకు తీరాన ఎర్రటి మట్టి దిబ్బలు దూరం నుంచే కనిపించేవి.

సిగ్లాప్ – చీకటి అనే అర్థమున్న గెలాప్ అన్న మాట నుంచి వచ్చిందంటారు.

కెంబాంగన్ – కెంబాంగ్ అంటే విచ్చుకోవడం, వికసించడం.

చాయ్ చీ – మన చాయ్ కాదు! చైనీయుల మాండలికంలో కూరగాయల బజారు.

ఫెంగ్‌షాన్ – చైనీస్‌లో ఫీనిక్స్ పక్షి కొండ.

సింపాంగ్ బెడోక్ – సింపాంగ్ అంటే కూడలి. బెడోక్ కూడలి.

ఫ్రాంకెల్ – ఒకప్పుడు ఇక్కడ భూములున్న యూదు కుటుంబం ఇంటిపేరు.

ఒక్క ప్రాంతంలో మలయ్ పేర్లు, చైనీయుల పేర్లు, యూదుల పేరు. ఇది చాలదన్నట్టు సిగ్లాప్ దగ్గర ఒక పేటలో వీధులన్నిటికీ ఐరోపా సంగీత నాటకాల పేర్లున్నాయి: ఐదా, కార్మెన్, ఫిగారో, టోస్కా. ఆ పేట పేరే ఓపెరా ఎస్టేట్.

కొండలు ఏమయ్యాయి?

పేర్లలో ఇన్ని కొండలున్నాయి కదా, మరి బెడోక్‌లో కొండ ఏది? ఈ ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా తట్టింది. న్యూ అప్పర్ చాంగి రోడ్డు మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచినా చెప్పుకోదగ్గ కొండ ఒక్కటీ తగలదు.

ఒకప్పుడు బెడోక్, సిగ్లాప్ ప్రాంతాలు మిట్టపల్లాలుగా, చిన్న చిన్న కొండలతో ఉండేవి. తీరం వెంట కొబ్బరి తోటలు, చేపలు పట్టేవారి పల్లెలు, లోపలికి వెళ్తే కూరగాయల మళ్ళు ఉండేవి. సముద్రం ఇప్పుడున్న చోట కాదు, ఇంకా లోపలికి ఉండేది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు అనే పేరు ఊరికే రాలేదు. అది నిజంగానే తూర్పు తీరం వెంబడి వెళ్ళిన రోడ్డు. ఇవాళ ఆ రోడ్డు మీద నిలబడితే సముద్రం కనబడదు. సముద్రం దగ్గరకు వెళ్ళాలంటే దక్షిణంగా నడిచి, ఫ్లాట్లు దాటి, ఎక్స్‌ప్రెస్‌వే కింది నుంచి వెళ్ళి, పార్కులోకి చేరాలి. మధ్యలో ఉన్న ఆ నేలంతా మనుషులు చేసినదే!

1960లలో సింగపూర్‌కు ఇళ్ళకూ రోడ్లకూ చోటు చాలలేదు. అందుకని 1963లో బెడోక్ తీరాన చిన్న ప్రయోగంగా కొంత సముద్రాన్ని పూడ్చి చూశారు. అది కుదిరింది. దాంతో 1966లో ఈస్ట్ కోస్ట్ రిక్లమేషన్ అనే పెద్ద పథకం మొదలైంది. బెడోక్, సిగ్లాప్ కొండల్ని పెద్ద పెద్ద యంత్రాలతో తవ్వి, ఆ మట్టిని కన్వేయర్ బెల్టుల మీద తీరానికి తరలించి సముద్రంలో పోశారు. ఏడు దశల్లో, 1980ల మధ్య వరకు ఈ పని సాగింది. మొత్తం 1,525 హెక్టార్లు, అంటే మన లెక్కలో సుమారు 3,770 ఎకరాల కొత్త నేల వచ్చింది. మెరీన్ పరేడ్ ఫ్లాట్లు, ఈస్ట్ కోస్ట్ పార్కు, విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వచ్చే ఈస్ట్ కోస్ట్ పార్క్‌వే ఈ నేల మీదే ఉన్నాయి. ఇండియా నుంచి మొదటిసారి వచ్చిన రోజు టాక్సీలో మనం ప్రయాణం చేసింది ఒకప్పటి సముద్రం మీదే!

మనవాళ్ళు "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు" అంటారు. పెద్ద శ్రమ చేసి చిన్న ఫలితం పొందితే ఆ మాట వాడతాం. బెడోక్ వాళ్ళు కొండను తవ్వి రెండు ఊళ్ళను పట్టారు. మట్టి పోసిన చోట ఒక ఊరు, మట్టి తీసి చదును చేసిన చోట ఇంకో ఊరు. ఆ రెండోదే బెడోక్ న్యూ టౌన్. అక్కడ 1973లో హౌసింగ్ అండ్ డెవలప్‌మెంట్ బోర్డు, అంటే మన హెచ్.డి.బి., కట్టడం పని మొదలుపెట్టింది.

ఇలా సముద్రాన్ని పూడ్చుకుంటూ రావడం వల్లే 1960లలో సుమారు 580 చదరపు కిలోమీటర్లు ఉన్న సింగపూర్ ఇప్పుడు 730 దాటింది. మన జిల్లాల హద్దులు మారాలంటే ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఇక్కడ దేశం హద్దు మారాలంటే కొండ కరగాలి.

ఖాళీ అయిన పల్లెలు

ఈ కథలో సంతోషం ఒక్కటే లేదు. కొండలూ తీరమూ ఖాళీ స్థలాలు కావు. అక్కడ కంపోంగ్‌లు, అంటే పల్లెలు ఉండేవి. కంపోంగ్ బెడోక్ లావుట్ అని ఒకటి ఉండేది. లావుట్ అంటే సముద్రం. సముద్రం దూరం జరిగాక చేపలు పట్టేవాడు ఏం చేస్తాడు? తోటలో కాసిన పండు నలుగురికీ పంచి, తలుపు తీసే ఉంచి బతికిన మనిషి పదో అంతస్తులో ఎలా ఉంటాడు? ఎందరో ఇళ్ళు వదిలి ఫ్లాట్లకు మారారు. కుళాయి నీళ్ళు, కరెంటు, మరుగుదొడ్డి వచ్చాయి. అవి చిన్న విషయాలు కావు. కానీ వాకిలి పోయింది, చెట్టు పోయింది, ఇరుగుపొరుగు తలా ఒక బ్లాకుకు వెళ్ళిపోయారు.

ఈ బాధ తెలుగువాళ్ళకు తెలియనిది కాదు. శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు కృష్ణ ఒడ్డున ఎన్నో ఊళ్ళు మునిగిపోయాయి. మీ తరగతిలోనే ఎవరో ఒకరి తాతగారు ముంపు ఊరివారై ఉండవచ్చు, అడిగి చూడండి. మన దగ్గర నీళ్ళు వచ్చి ఊళ్ళు పోయాయి, ఇక్కడ నీళ్ళు వెళ్ళిపోయి ఊళ్ళు పోయాయి.

ఇంకొక కథ కూడా చెప్పాలి. పెద్ద పిల్లలు తెలుసుకోవలసినది. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1942లో, జపాన్ సైన్యం సింగపూర్‌ను పట్టుకున్నాక వేలాదిమంది చైనీయులను పట్టుకెళ్ళి చంపింది. యుద్ధం ముగిసి ఎన్నో ఏళ్ళయ్యాక, 1962లో, సిగ్లాప్ ప్రాంతంలో వాళ్ళ అస్థికలు సామూహిక సమాధుల్లో బయటపడ్డాయి. వాళ్ళ జ్ఞాపకార్థమే బీచ్ రోడ్డులో నాలుగు తెల్లని స్తంభాల స్మారకం 1967లో వెలిసింది. ఆ దారిన వెళ్ళినప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి.

చెరువు సంగతి

బాబు అడిగిన చెరువు కూడా మనకు ఉంది. అదే బెడోక్ రిజర్వాయర్! సాయంత్రం పూట దాని చుట్టూ నడిచేవాళ్ళలో తెలుగు మాటలు వినబడని రోజు ఉండదు. ఒక చుట్టు సుమారు 4.3 కిలోమీటర్లు.

ఇది దేవుడిచ్చిన చెరువు కాదు. ఇక్కడ ఒకప్పుడు ఇసుక తవ్వేవారు. తవ్వగా మిగిలిన గొయ్యిని జలాశయంగా మార్చారు. 1986లో పని పూర్తయింది. ఇందులో విశేషం ఏమిటంటే, దీనికి చుట్టూ అడవి లేదు, పెద్ద నది లేదు. మన ఫ్లాట్ల మీద, రోడ్ల మీద, కార్ పార్కుల మీద కురిసిన వాన నీరే మురుగుతో కలవకుండా వేరే కాలవల్లో చేరి, చిన్న చెరువుల్లో ఆగి, పంపుల ద్వారా జలాశయాలకు వెళ్తుంది. అక్కడి నుంచి శుద్ధి అయ్యి కుళాయిలోకి వస్తుంది. కోస్తా జిల్లాల కన్నా ఇక్కడ దాదాపు రెట్టింపు వాన పడుతుంది. కానీ దాచుకోవడానికి చోటే లేదు. అందుకే పట్టణాన్నే చెరువు ఆయకట్టుగా మార్చుకున్నారు. కాదు కాదు, తిరగేసి చెప్పాలి. మన ఊళ్ళో చెరువు నీళ్ళు పొలాలకు పారతాయి. ఇక్కడ ఇళ్ళ మీది నీళ్ళు చెరువుకు పారతాయి.

కాబట్టి పిల్లలూ, రోడ్డు పక్క కాలవలో చాక్లెట్ కాగితం పడేస్తే అది ఎక్కడికి వెళ్తుందో ఇప్పుడు అర్థమైంది కదా? మన గ్లాసు దాకా వచ్చే దారిలోకే!

వాడిన నీటిని మళ్ళీ శుద్ధి చేసే న్యూవాటర్ కర్మాగారాలు సింగపూర్‌లో మొట్టమొదట 2003లో ప్రారంభమైంది కూడా బెడోక్‌లోనూ క్రాంజీలోనూ. ఇక 1604 పటంలో కనబడిన ఆ బెడోక్ నది ఇప్పటికీ ఉంది. కాకపోతే కాంక్రీటు గట్ల మధ్య తిన్నగా పారే కాలవలా ఉంటుంది. అది నది అని తెలియక చాలామంది పెద్ద మురుగు కాలవ అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

మరి ప్రెసిడెంటు ఎవరు?

ఇది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. ముందు మన దగ్గర ఎలా ఉంటుందో చూద్దాం. ఊరికి గ్రామ పంచాయతీ, దానికి సర్పంచ్. ఆయన్నే మన పల్లెల్లో ప్రెసిడెంటుగారు అంటారు. కొన్ని ఊళ్ళు కలిస్తే మండలం, మండలాలు కలిస్తే జిల్లా, జిల్లాకు కలెక్టరు. ఇదీ ఎప్పటి నుంచో ఉన్నది కాదు. మన తాతల కాలంలో మునసబు, కరణం, తాలూకా ఉండేవి. మునసబు కరణాలను 1984లో తీసేశారు. తాలూకాల చోట 1985లో మండలాలు వచ్చాయి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అందుకే "మీది ఏ జిల్లా?" అని అడిగితే తాతయ్య ఒకటి చెబుతారు, గూగుల్ ఇంకొకటి చెబుతుంది. ఇద్దరూ తప్పు కాదు!

వేరే దేశాల్లో ఇంకోలా ఉంటుంది. జర్మనీలో గ్రామీణ జిల్లాలు 290కి పైగా ఉన్నాయి. ఒక్కొక్క దాన్ని లాండ్‌క్రైస్ అంటారు. ప్రతి జిల్లాకూ ప్రజలు ఎన్నుకున్న సభ ఉంటుంది. జిల్లా పెద్దను లాండ్‌రాట్ అంటారు. ఆయన కూడా మన కలెక్టరులా పరీక్ష రాసి వచ్చిన అధికారి కాదు, ఎన్నికైన మనిషి. కారు నంబరు పలకలో మొదటి అక్షరాలు చూసి ఏ జిల్లా బండో చెప్పేయవచ్చు.

మరి సింగపూర్‌లో? ఒకప్పుడు ఇక్కడా పట్నం వేరు, పల్లె వేరు. పట్నానికి సిటీ కౌన్సిల్, పల్లెలకు రూరల్ బోర్డు ఉండేవి. బెడోక్ రూరల్ బోర్డు కిందికి వచ్చేది. అంటే తాతయ్య ఊరిలాగే మన బెడోక్ కూడా ఒకనాటి గ్రామీణ ప్రాంతమే. మలయ్ పల్లెలకు పెంగులు అనే ఊరిపెద్ద ఉండేవాడు. 1959లో స్వపరిపాలన వచ్చాక సిటీ కౌన్సిల్ పనులను ప్రభుత్వమే తీసుకుంది. ఇప్పుడు ఇక్కడ జిల్లా కలెక్టరూ లేడు, పంచాయతీ కూడా లేదు. ఒక మనిషి చేసే పనిని చాలామంది పంచుకున్నారు. ఎవరి పని ఏదో తెలుసుకుంటే చాలు.

ఫ్లాట్లు కట్టి, 99 ఏళ్ళ లీజుకు ఇచ్చేది హెచ్.డి.బి. ఇది 1960లో ఏర్పడింది.

లిఫ్టు, కారిడార్ దీపాలు, మెట్లు, వాయిడ్ డెక్ శుభ్రత చూసేది టౌన్ కౌన్సిల్. 1988లో చట్టం వచ్చాక ఇవి పుట్టాయి. మనం నెలనెలా కట్టే నిర్వహణ రుసుము వాళ్ళకే వెళ్తుంది. టౌన్ కౌన్సిల్‌ను నడిపే బాధ్యత మన ఓట్లతో గెలిచిన పార్లమెంటు సభ్యులది. పంచాయతీకి అన్నిటికన్నా దగ్గర పోలిక ఇదే.

మంచినీరు, వరద కాలవలు పి.యు.బి. చూస్తుంది. దోమలు, హాకర్ సెంటర్ల శుభ్రత నేషనల్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ చూస్తుంది. రోడ్లు, బస్సులు ఎల్.టి.ఎ. చూస్తుంది. పార్కులు ఎన్‌పార్క్స్ చూస్తుంది.

సాయం అవసరమైన కుటుంబాలకు సాయం, వోచర్లు వంటి వాటికి సి.డి.సి. ఉంది. సింగపూర్ మొత్తానికి ఇవి అయిదు. మనలో చాలామందిది సౌత్ ఈస్ట్. ప్రతిదానికీ ఒక మేయరు ఉంటారు. మేయరు అంటే మన హైదరాబాదు మేయరులా నగరపాలక సంస్థను నడిపే మేయరు కారు సుమా!

ఏ స్థలంలో ఇల్లు, ఏ స్థలంలో బడి, ఏ స్థలంలో పార్కు అన్నది నిర్ణయించేది యు.ఆర్.ఎ. వాళ్ళు సింగపూర్‌ను 55 ప్రణాళికా ప్రాంతాలుగా విభజించారు. ఇందాక చెప్పిన 21.7 చదరపు కిలోమీటర్ల బెడోక్ ఆ 55లో ఒకటి.

ఇక్కడే చిన్న చిక్కు ఉంది. ప్రణాళిక బెడోక్ వేరు, ఎన్నికల బెడోక్ వేరు. 2025 ఎన్నికల్లో ఈ ప్రాంతంలోని ఇళ్ళు ఒకే నియోజకవర్గంలో లేవు. కొన్ని ఈస్ట్ కోస్ట్‌లో, కొన్ని అల్జునీడ్‌లో, కొన్ని మెరీన్ పరేడ్-బ్రాడెల్ హైట్స్‌లో ఉన్నాయి. ఒకే జలాశయం చుట్టూ నడిచే ఇద్దరు స్నేహితులకు వేరు వేరు టౌన్ కౌన్సిళ్ళు ఉండవచ్చు. కాబట్టి లిఫ్టు ఆగిపోతే ముందుగా మన బ్లాకు నోటీసు బోర్డు మీద ఎవరి పేరు ఉందో చూడాలి. ఏ శాఖ పనో అర్థం కాకపోతే వన్‌సర్వీస్ ఆప్‌లో ఫోటో తీసి పంపితే వాళ్ళే సరైన చోటుకు చేరుస్తారు.

ఈ మాట ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే, మనలో చాలామంది "మనం బయటివాళ్ళం, మనకెందుకు" అని ఊరుకుంటాం. కారిడార్‌లో దీపం పోతే నెల రోజులు చీకట్లోనే నడిచిన ఇల్లు మాది. పక్కింటి చైనీస్ అవ్వ చూసి ఒక్క ఫోన్ చేసింది. మర్నాటికి దీపం వెలిగింది. ఫోన్ చేయడానికి ఇక్కడ పుట్టి ఉండాల్సిన పని లేదని అప్పుడు తెలిసింది.

పక్కింటివాళ్ళు ఎందుకు అందరూ ఉంటారు?

మీ అంతస్తులో చైనీయులు, మలయులు, భారతీయులు కలిసి ఉంటారు కదా. ఇది దానంతట అది జరిగింది కాదు. 1989 మార్చి నుంచి ప్రతి బ్లాకులోనూ, ప్రతి పేటలోనూ ఏ జాతివారు ఎంత శాతం వరకు ఉండవచ్చో హెచ్.డి.బి. ఒక పరిమితి పెట్టింది. 1980ల చివరలో బెడోక్, టాంపినీస్ వంటి టౌన్లలో మలయ్ కుటుంబాలు ఒకేచోట ఎక్కువగా చేరడం ఈ నియమానికి ఒక కారణం. భారతీయులకూ ఇతరులకూ కలిపి ఇప్పుడున్న పరిమితి పేటలో 12 శాతం, బ్లాకులో 15 శాతం.

దీని వల్ల మంచీ ఉంది, ఇబ్బందీ ఉంది. అమ్మకానికి పెట్టిన ఫ్లాటు మనకు నచ్చినా, ఆ బ్లాకులో మన కోటా నిండిపోతే కొనుక్కోలేకపోవచ్చు. ఒక తెలుగు వీధి, ఒక తెలుగు పేట ఏర్పడే అవకాశం ఇక్కడ లేదు. మన పిల్లలు బడిలో రెండో భాషగా తమిళమో హిందీయో చదువుతారు, అక్కడ తెలుగు లేదు. వీధిలో తెలుగు లేదు, బడిలో తెలుగు లేదు. అందుకే వారానికి ఒక్క పూట జరిగే ఈ తరగతికి ఇంత విలువ. ఇంకో వైపు చూస్తే, అన్ని భాషల పండగలూ చూస్తూ పెరిగే అదృష్టం మన పిల్లలకు దక్కింది. ఉగాది పచ్చడి రుచి చూసి ముఖం చిట్లించి, మళ్ళీ ఇంకో స్పూను అడిగిన పక్కింటి మలయ్ పాపను నేను మరిచిపోలేను.

రైలు, రేపటి సముద్రం

బెడోక్ ఎమ్.ఆర్.టి. స్టేషన్ 1989 నవంబర్ 4న మొదలైంది. 2017 అక్టోబర్ 21న డౌన్‌టౌన్ లైన్ వచ్చి బెడోక్ నార్త్, బెడోక్ రిజర్వాయర్, కాకి బుకిట్‌లను కలిపింది. 2024 జూన్ 23న థామ్సన్-ఈస్ట్ కోస్ట్ లైన్ సిగ్లాప్, బేషోర్ వరకు వచ్చింది.

కథ ఇంతటితో ఆగలేదు. భూమి వేడెక్కి సముద్ర మట్టం పెరుగుతోంది. 2100 నాటికి సింగపూర్ చుట్టూ అది 1.15 మీటర్ల వరకు పెరగవచ్చని 2024లో ప్రభుత్వ అధ్యయనం చెప్పింది. ఈస్ట్ కోస్ట్ పల్లపు ప్రాంతం. అందుకని తీరానికి ఎదురుగా లాంగ్ ఐలాండ్ అనే కొత్త నేలను, సుమారు 800 హెక్టార్ల మేర, నిర్మించే ఆలోచనను 2023 నవంబర్‌లో ప్రకటించారు. తీరానికీ ఆ దీవికీ మధ్య ఇంకో మంచినీటి జలాశయం వస్తుంది. దానికి కావలసిన పరిశోధనలకే ఏళ్ళు పడుతుంది, కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. ఒకప్పుడు మనుషులు సముద్రాన్ని వెనక్కి నెట్టారు. ఇప్పుడు సముద్రం ముందుకు వస్తుంటే ఊరిని ఎలా కాపాడుకోవాలా అని ఆలోచిస్తున్నారు. ఆ పని చేసే ఇంజనీర్లలో మన తరగతి పిల్లలు కూడా ఉండవచ్చు!

పిల్లలకు ఇంటిపని (అమ్మానాన్నలు కూడా చేయవచ్చు)

1. మీ పిన్‌కోడ్ చూడండి. బెడోక్‌లో ఎక్కువగా 46, 47తో మొదలవుతుంది. హెచ్.డి.బి. ఫ్లాటు అయితే సాధారణంగా చివరి మూడంకెలు మీ బ్లాకు నంబరే. ఉదాహరణకు ఫెంగ్‌షాన్ హాకర్ సెంటర్ ఉన్న బ్లాక్ 85 కోడ్ 460085.

2. ఈస్ట్ కోస్ట్ రోడ్డు నుంచి సముద్రం దాకా నడవండి. ఎన్ని అడుగులు పట్టిందో లెక్కపెట్టండి. అందులో చాలా భాగం ఒకప్పుడు నీళ్ళు.

3. తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి అడగండి: మన ఊరు ఏ మండలం, ఏ జిల్లా? మునుపు ఏ తాలూకా? చెరువు పేరేమిటి? ఆ నీళ్ళు ఎక్కడ నుంచి వస్తాయి? ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది?

4. మీ బ్లాకులో అందరికన్నా పెద్దవాళ్ళతో మాట్లాడండి. ఇక్కడ ఫ్లాట్లు రాకముందు ఏముండేదో అడగండి. వాళ్ళు చెప్పింది తెలుగులో రాయండి. ఆ కథ తెలుగులో ఇంతవరకు ఎవరూ రాసి ఉండరు.

ఇదంతా తరగతిలో చెప్పాక ఆ బాబు మళ్ళీ వ్యాసం రాశాడు. ఈసారి పన్నెండు వాక్యాలు వచ్చాయి. రెండు చోట్ల వత్తులు తప్పాయి, నేను దిద్దాను. మొదటి వాక్యం మాత్రం దిద్దాల్సిన అవసరం లేకపోయింది: "నాకు రెండు ఊళ్ళు ఉన్నాయి. రెంటికీ చెరువులు ఉన్నాయి."

అది రెండు వాక్యాలు కదా అంటారా? పోనీలెండి, మార్కులు రెండింటికీ వేశాను.